సొంత చట్టాలు వచ్చేదాకా ఏ చట్టం? కొత్త సమాజానికి తాత్కాలిక న్యాయవ్యవస్థ గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది. మూట్ కోర్టు పోటీలో, అంటే లా విద్యార్థుల నమూనా కోర్టు పోటీలో, మీ జట్టుకు ఒక ఊహా సమస్య ఇచ్చారు. జనం లేని ఒక దీవిలో అయిదు వేల మంది కొత్తగా స్థిరపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ఒకే దేశం నుంచి వచ్చినవాళ్లు. సొంత శాసనసభ ఏర్పడి చట్టాలు చేయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా పాత తీర్పుల మీద నడిచే ఇంగ్లిష్ కామన్ లా పెట్టుకోవాలా, చట్టమంతా ఒకే పుస్తకంగా రాసిన ఫ్రెంచి తరహా సివిల్ కోడ్ తెచ్చుకోవాలా, లేక అందరికీ అర్థమయ్యేలా పది పేజీల్లో సొంత చట్టం రాసుకోవాలా? మీ జట్టు మొగ్గు మూడో దానివైపే ఉందని రాశారు, ఒక ముసాయిదా కూడా పంపారు.

మూడోది వద్దంటాను. మొదటి రెండిట్లో ఏది గొప్పదన్న చర్చ కూడా పక్కన పెట్టండి. ఆ జనానికి, ముఖ్యంగా వాళ్లలో ఉన్న వకీళ్లకు, కోర్టు గుమాస్తాలకు, పోలీసులకు ఇప్పటికే చేతికి అలవాటైన చట్టాన్ని ఒక తేదీ పెట్టి మొత్తంగా తీసుకోండి. వాళ్లు భరించలేని భాగాలను పేరుపేరునా కొట్టేయండి. తీర్పు చెప్పేదెవరో అదే కాగితంలో రాయండి. తెలంగాణ జిల్లా కోర్టుల్లో భూమి దావాలు నడిపినవాణ్ని నేను. ప్రభుత్వాలు మారిన నేల మీద పాత చట్టం ఎలా నిలబడుతుందో, ఎక్కడ కాలికి చుట్టుకుంటుందో రోజూ చూసే పని ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పది పేజీల సంగతి. దీవిలో మొదటి నెలలో వచ్చే తగాదా ఎలా ఉంటుందో చూడండి. పడవ కొనుక్కోవడానికి అప్పు చేసిన మనిషి చనిపోతాడు. పడవ ఎవరిది? అప్పు ఎవరు తీర్చాలి? భార్యకెంత, పిల్లలకెంత, మొదటి భార్య పిల్లలుంటే వాళ్లకెంత? నోటు మీద సాక్షి సంతకం లేకపోతే చెల్లుతుందా? అప్పిచ్చినవాడు ఎన్నేళ్లలోపు దావా వెయ్యాలి? మైనరు తరఫున ఎవరు నిలబడాలి? “అందరూ సమానులే, దొంగతనం నేరం, మాట ఇస్తే నిలబెట్టుకోవాలి” అన్నవి పది పేజీల్లో హాయిగా పడతాయి. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా జవాబు పట్టదు. ఏ దావాకు ఎంత గడువో చెప్పే మన 1963 లిమిటేషన్ చట్టం షెడ్యూలు ఒక్కటే 137 ఆర్టికల్స్. అన్నేసి ఎందుకొచ్చాయంటే, అన్ని రకాల తగాదాలు అంతకుముందే వచ్చి కోర్టుల్ని ఇబ్బంది పెట్టాయి గనక.

మీ వాదనకు మేఫ్లవర్ ఒప్పందాన్ని, అంటే ఆ పేరుగల ఓడలో ఇంగ్లండు నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్లు రాసుకున్న కాగితాన్ని, ఉదాహరణగా పెట్టారు. అది మీ వైపు సాక్ష్యం చెప్పదు. 1620 నవంబర్ 11న, పాత క్యాలెండరు ప్రకారం, 41 మంది మగవాళ్లు ఓడలో సంతకాలు చేసిన ఆ కాగితంలో ఒక్క చట్టం కూడా లేదు. వాళ్ల దగ్గరున్న అనుమతి పత్రం వర్జీనియా ప్రాంతానిది, ఓడ చేరింది కేప్ కాడ్‌కు. “ఇక్కడ మా మీద ఎవరికీ అధికారం లేదు” అని కొందరు మొదలుపెట్టేసరికి, అందరం ఒకే పాలనా సమాజంగా ఉంటాం, అవసరాన్ని బట్టి న్యాయమైన చట్టాలు చేసుకుంటాం, వాటికి లోబడతాం అని మాత్రం రాసుకున్నారు. వాళ్లు స్థిరపడ్డ ప్లిమత్‌లో చట్టాలన్నీ ఒకచోట కూర్చి రాసింది 1636లో. మధ్యలో పదిహేనేళ్లు నడిపించింది వాళ్లు ఇంగ్లండులో చూసి వచ్చిన పద్ధతులే.

అంతకన్నా మీకు పనికొచ్చే ఉదాహరణ దాని పొరుగునే ఉంది, న్యూ హేవెన్. 1644లో ఆ కాలనీ కోర్టు ఒక తీర్మానం చేసింది: సొంత చట్టాలను విడివిడిగా రాసుకునేదాకా బైబిల్లోని మోషే ధర్మశాస్త్రంలో ఉన్న న్యాయవిధులే కోర్టులన్నిటికీ ప్రమాణం. తాత్కాలిక న్యాయవ్యవస్థను అచ్చంగా అదే మాటల్లో ఎంచుకున్న సమాజం ఇది. పుస్తకం ఇంటింటా ఉంది, అందరూ చదివినదే, ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ మోషే ధర్మశాస్త్రంలో జ్యూరీ (తీర్పు చెప్పే సాధారణ పౌరుల బృందం) ప్రస్తావన లేదు గనక జ్యూరీ విచారణే లేకుండా పోయింది. ఇంగ్లండు నుంచి వచ్చిన జనానికి అది పుట్టుకతో ఎరిగిన హక్కు. సొంత చట్టాల పుస్తకం అచ్చయింది 1656లో. అప్పటిదాకా ఖాళీలన్నీ పూడ్చింది మేజిస్ట్రేట్లు. మీ పది పేజీలకు జరగబోయేది కూడా ఇదే. చట్టంలో ఎంత ఖాళీ ఉంటే, కుర్చీలో కూర్చున్న మనిషికి అంత అధికారం దక్కుతుంది. పేదవాడికి, ఆ మనిషితో పరిచయం లేనివాడికి అది మంచిది కాదు.

సరే, అరువు తెచ్చుకోవాలి. ఎక్కడి నుంచి? దీనికి తూర్పు తైమూర్ కథ వివరంగా చదవమంటాను. ఈ విషయంలో అంతకన్నా ఎక్కువ నేర్పే అనుభవం నాకు తెలిసి లేదు.

ఆ దేశం 1975 దాకా పోర్చుగల్ వలస. తర్వాత ఇండోనేషియా ఆక్రమించింది. 1999 ఆగస్టు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 78 శాతానికి పైగా జనం ఇండోనేషియాలో ఉండబోమన్నారు. వెంటనే ఇండోనేషియా పక్షాన ఉన్న మిలీషియాలు, అంటే సాయుధ ముఠాలు, ఊళ్లు తగలబెట్టాయి. కోర్టు భవనాలు కాలిపోయాయి, రికార్డులు, చట్టాల పుస్తకాలు పోయాయి. ఇండోనేషియా జడ్జీలు, ప్రాసిక్యూటర్లు వెళ్లిపోయారు. అక్టోబర్ 25న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అక్కడ తాత్కాలిక పాలనను ఏర్పాటు చేసింది. నవంబర్‌లో వచ్చిన మొదటి రెగ్యులేషన్‌లోనే ఏ చట్టం నడవాలో తేల్చారు: 1999 అక్టోబర్ 25కు ముందు తూర్పు తైమూర్‌లో వర్తించిన చట్టాలే కొనసాగుతాయి, అంతర్జాతీయ మానవ హక్కుల ప్రమాణాలకు విరుద్ధం కానంత మేరకు. అంటే, నిన్నటిదాకా తమను చంపినవాళ్ల చట్టమే.

ఆ జనానికి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించగలం. అయినా ఆ నిర్ణయం సరైనదేనని నా గట్టి అభిప్రాయం. కారణం, న్యాయశాస్త్రం చదివిన తైమూరు వాళ్లు ఎక్కువమంది ఇండోనేషియా కాలేజీల్లోనే చదివారు. వాళ్లను వెతకడానికి విమానాల నుంచి కరపత్రాలు వెదజల్లాల్సి వచ్చింది. దొరికినవాళ్లలో అంతకుముందు జడ్జీగా పనిచేసినవారు ఒక్కరూ లేరు. 2000 జనవరి 7న, రాజధాని దిలీలో కాలిపోయిన కోర్టు భవనంలోనే, మొదటి ఎనిమిది మంది జడ్జీలకు, ఇద్దరు ప్రాసిక్యూటర్లకు ప్రమాణం చేయించారు. కొత్త భాషలో, కొత్త చట్టం వాళ్ల చేతికిచ్చి ఉంటే ఆ ఎనిమిది మంది ఏం చేసేవాళ్లు? లాకప్పుల్లో మనుషులున్నారు. రిమాండు ఉత్తర్వు ఎవరో ఒకరు రాయాలి, అదీ ఈరోజే రాయాలి.

దీనికి రెండో సగం ఉంది. 2002 మే 20న స్వాతంత్ర్యం వచ్చాక శాసనసభ కూడా పాత చట్టాలనే కొనసాగించింది. 2003 జూలైలో అప్పీలు కోర్టు ఒక కేసులో వేరే మాట చెప్పింది. ఇండోనేషియా ఆక్రమణే చట్టవిరుద్ధం, కాబట్టి ఇండోనేషియా చట్టం ఇక్కడ ఏనాడూ చెల్లుబాటు కాలేదు, వర్తించాల్సింది పోర్చుగీసు చట్టం అంది. కింది కోర్టులు ఇండోనేషియా చట్టాన్నే పట్టుకుని నడిచాయి. ఒకే దేశంలో కింది కోర్టుకొక చట్టం, పై కోర్టుకొక చట్టం. అదే ఏడాది డిసెంబర్‌లో శాసనసభ మరో చట్టం చేసి, 2002 నాటి మాటకు అర్థం ఇండోనేషియా చట్టమేనని తేల్చాల్సి వచ్చింది. ఇంత గొడవకు మూలం ముసాయిదాలో ఒక్క చోట ఉంది. రెగ్యులేషన్ రాసినవాళ్లు “ఇక్కడ వర్తించిన చట్టాలు” అన్నారు తప్ప ఇండోనేషియా పేరు రాయలేదు. రాయడానికి మనసొప్పని పేరైనా సరే, రాయండి.

తేదీ కూడా పేరంత ముఖ్యం. సెర్బియా పాలనలో ఉండిన, అల్బేనియన్లు ఎక్కువగా ఉన్న కొసావోలో 1999 జూలై 25న ఐక్యరాజ్యసమితి పాలన మొదటి రెగ్యులేషన్ తెచ్చినప్పుడు, 1999 మార్చి 24కు ముందు అమల్లో ఉన్న చట్టాలు కొనసాగుతాయంది. అల్బేనియన్ జడ్జీలు ఒప్పుకోలేదు. పదేళ్ల కింద స్వయంప్రతిపత్తి లాగేసుకున్నాక చేసిన సెర్బియా చట్టాలన్నీ తమను అణచడానికి వాడినవేనని వాళ్ల వాదన. డిసెంబర్ 12న రెగ్యులేషన్ మార్చి, తేదీని 1989 మార్చి 22కు, అంటే స్వయంప్రతిపత్తి పోవడానికి సరిగ్గా ముందుకు జరిపారు. ఆ మధ్య పదేళ్లలో కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు, నడుమ అమల్లోకొచ్చిన నేరచట్టాల్లో తమకు అన్నిటికన్నా అనుకూలమైనది వర్తించేలా ఒక నియమం పెట్టారు. తేదీ వెనక్కి జరిపితే ముద్దాయి నష్టపోకూడదన్న ఆ ఆలోచన మీ ముసాయిదాలోకి తప్పకుండా తెచ్చుకోండి. మీ దీవి సమస్యలో ఆక్రమణ లేదు కాబట్టి మీకు ఓడ బయల్దేరిన రోజు చాలు.

ఇక మన దగ్గరికి వస్తే, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు ఒక్క పూట కూడా చట్టం లేకుండా గడవలేదు. రాష్ట్ర పునర్విభజన చట్టం సెక్షన్ 100 ప్రకారం ముందురోజు దాకా ఆ నేల మీద ఉన్న చట్టాలన్నీ అలాగే ఉన్నాయి. సెక్షన్ 101 ప్రకారం వాటిని కొత్త రాష్ట్రానికి తగ్గట్టు మార్చుకునే ఉత్తర్వు ఇవ్వడానికి ప్రభుత్వానికి రెండేళ్లు గడువు. తెలంగాణ న్యాయశాఖ ఆ ఉత్తర్వును జీవో నంబరు 45గా ఇచ్చింది 2016 జూన్ 1న. గడువు ఆఖరి అంచున. ఈలోపు కోర్టులో “ఆంధ్రప్రదేశ్ చట్టం” అని ఉంటే దాన్ని ఎలా చదవాలి? దానికి సెక్షన్ 102 ఉంది: సవరణ జరగకపోయినా, సారం చెడకుండా అవసరమైన మార్పులతో చదువుకోవచ్చని జడ్జికి అధికారం ఇచ్చింది. ఈ మూడు సెక్షన్లను పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీ ముసాయిదాకు ఎముకల గూడు అక్కడే దొరుకుతుంది.

నా సలహాగా ముఖ్యమైన క్లాజు ఇలా ఉండొచ్చు: “ఫలానా దేశంలో ఫలానా తేదీన అమల్లో ఉన్న చట్టాల్లో అనుబంధం-1లో పేర్కొన్నవి, ఈ దీవి పరిస్థితులకు వర్తించినంత మేరకు, మా శాసనసభ మార్చేదాకా లేదా రద్దు చేసేదాకా ఇక్కడ చట్టంగా అమలవుతాయి. ఆ తేదీ తర్వాత ఆ దేశంలో జరిగే సవరణలు మా శాసనసభ ఆమోదిస్తే తప్ప ఇక్కడ వర్తించవు. ఆ తేదీకి ముందు ఆ దేశపు పై కోర్టులిచ్చిన తీర్పులను మా కోర్టులు అనుసరిస్తాయి, తర్వాతి తీర్పులను పరిశీలించవచ్చు.” రెండో వాక్యం వదిలేస్తే ఇంకెక్కడో కూర్చున్న పార్లమెంటు మీ దీవికి చట్టాలు చేస్తూనే ఉంటుంది. మూడోది వదిలేస్తే చట్టం మాటలు వస్తాయి గాని, కోర్టులు వాటికి చెప్పిన అర్థాలు రావు. దీనితోపాటు ఒక చిన్న పట్టిక కావాలి. అరువు చట్టంలో “జిల్లా కలెక్టరు” అనో “రిజిస్ట్రారు” అనో ఉన్నచోట దీవిలో ఎవరని చదువుకోవాలో అందులో రాయాలి. విసుగు పుట్టించే పనే. కానీ సర్టిఫికెట్ మీద ఎవరు సంతకం పెట్టాలో తెలియక జనం తిరిగే తిరుగుడు చూసినవాళ్లకు దాని విలువ తెలుసు.

కొట్టేయాల్సిన చట్టాల విషయంలో మీ ముసాయిదా చాలా బలహీనంగా ఉంది. “ప్రాథమిక హక్కులకు విరుద్ధమైనవి చెల్లవు” అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మన రాజ్యాంగం చేసింది కూడా దాదాపు అదే. ఆర్టికల్ 372 పాత చట్టాలను నిలబెట్టింది, ఆర్టికల్ 13 హక్కులకు ఎదురొచ్చిన మేరకు చెల్లవంది. ఫలితం రాజద్రోహం సెక్షన్ 124-ఏలో చూడండి. తిలక్‌నూ గాంధీనీ జైలుకు పంపిన ఆ సెక్షన్‌ను 1950లో ఎవరూ పేరుపెట్టి తీసెయ్యలేదు. 1962లో సుప్రీంకోర్టు అర్థాన్ని కుదించి ఉంచేసింది. 2022 మేలో నిలిపి ఉంచమంది. అది ఉన్న 1860 శిక్షాస్మృతి 2024 జూలై 1న గానీ పోలేదు. ఇజ్రాయెల్ 1948లో బ్రిటిష్ పాలన నాటి చట్టాన్ని కొనసాగిస్తూ, యూదుల వలసను, భూమి కొనుగోళ్లను అడ్డుకున్న నిబంధనలను మాత్రం పేరు పెట్టి రద్దు చేసింది. బ్రిటిష్‌వాళ్ల 1945 రక్షణ అత్యవసర నిబంధనల్లో మిగతావి ఉండిపోయాయి. రెండేళ్ల కిందటే యూదు న్యాయవాదులు వాటి మీద గొంతెత్తారు. వాళ్ల సొంత దేశం వచ్చాక కూడా అవి నిలబడ్డాయి, ఈసారి అరబ్బుల మీద నడిచాయి. తైమూర్‌లో ఈ పని శుభ్రంగా జరిగింది. విధ్వంసక చర్యల నిరోధక చట్టం, జాతీయ భద్రత చట్టం, సామాజిక సంస్థల చట్టం వంటి ఆరింటిని మొదటి రెగ్యులేషన్‌లోనే పేర్లతో తీసేశారు. మరణశిక్షనూ అప్పుడే రద్దు చేశారు. అధికారం చేతికి రాకముందే ఆ జాబితా రాసుకోవాలి. వచ్చాక, ఆ చట్టాల ఉపయోగం కొత్త పాలకులకు కూడా కనబడటం మొదలవుతుంది.

కామన్ లాలో సగం, కోడ్‌లో సగం కలపొచ్చా అని కూడా అడిగారు. మొదటి రోజే కలపొద్దు. ఒక అంశాన్ని మొత్తంగా వదిలిపెట్టడం వేరు, అది చేయొచ్చు. టెక్సాస్ 1840లో ఇంగ్లిష్ కామన్ లా తీసుకుంటూ, భార్యాభర్తల ఆస్తి ఉమ్మడిదన్న స్పానిష్ పద్ధతిని ఉంచుకుంది. అప్పటి కామన్ లాలో పెళ్లయిన ఆడదాని ఆస్తి భర్త చేతిలోకి పోయేది, కాబట్టి అది మంచి ఎంపిక. మన యానాం కూడా ఇందుకు ఉదాహరణే. 1962లో ఫ్రెంచి ప్రాంతాలు చట్టబద్ధంగా భారత్‌లో కలిశాక భారతీయ చట్టాలు ఒక్కసారి వచ్చి పడలేదు. 1963లో కొన్ని, 1968లో మరికొన్ని దఫాలుగా వచ్చాయి. ఫ్రెంచి కాలంలో తమ మతచట్టాన్ని వదులుకున్న కుటుంబాలకు, అంటే రెనోన్సాంలకు, పెళ్లి, వారసత్వం విషయాల్లో ఫ్రెంచి సివిల్ కోడే మిగిలింది. ఇంటి విషయాల్లో మనిషికి అప్పటికే ఒక చట్టం ఉంటే దాన్ని తొందరపడి లాగేయకపోవడం మంచిది, ఆడవాళ్లకు పిల్లలకు నష్టం లేనంతవరకు.

ఎన్నాళ్లు ఉండాలి? మీరు “మూడేళ్ల తర్వాత ఈ చట్టాలన్నీ వాటంతట అవే రద్దవుతాయి” అని రాశారు. దయచేసి తీసెయ్యండి. మూడేళ్లకు శాసనసభ సిద్ధంగా లేకపోతే ఆ మర్నాడు దీవిలో అప్పు వసూలు చేసుకోవడానికి చట్టం ఉండదు, దొంగను పట్టుకోవడానికీ ఉండదు. తాత్కాలికమన్నది సాగుతుందన్నది నిజమే. నేను పనిచేసే కోర్టుల్లో 1317 ఫస్లీ నాటి, అంటే 1907 నాటి నిజాం భూమిశిస్తు చట్టం పేరు వినబడుతుంది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద ఇచ్చిన 38-ఇ సర్టిఫికెట్, అంటే సాగు చేసే భూమికి యజమాని హక్కు ఇచ్చిన కాగితం, పట్టుకుని రక్షిత కౌలుదారు మనవలు వస్తారు. హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చి పోయింది, ఆ కాగితం మీద హక్కు మాత్రం బతికే ఉంది. ఒక్క తేదీతో చట్టాలన్నీ రద్దు చేసి ఉంటే ఆ కుటుంబాలకు ఏం మిగిలేది? కాబట్టి గడువు చట్టానికి పెట్టకండి, చట్టాలను ఉత్తర్వులతో మార్చే తాత్కాలిక ప్రభుత్వ అధికారానికి పెట్టండి. రెండేళ్ల తర్వాత మార్పు ఏదైనా ఎన్నికైన సభ ద్వారానే జరగాలి.

జడ్జీల గురించి మీ ముసాయిదాలో ఏమీ లేదు. అయిదు వేల మందికి ఇద్దరు జడ్జీలు చాలొచ్చు, అప్పీలు మాత్రం కావాలి. వచ్చిన దేశం ఒప్పుకుంటే కొన్నేళ్లు అక్కడి హైకోర్టుకే అప్పీలు పంపొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు కూడా 2018 చివరిదాకా హైదరాబాదులో ఉమ్మడి హైకోర్టే ఉంది. 2019 జనవరి 1 నుంచే వేర్వేరయ్యాయి. భాషను కూడా జడ్జీలతో కలిపే ఆలోచించండి. తైమూర్‌లో పోర్చుగీసును అధికార భాష చేశాక, 2005 జనవరిలో ప్రొబేషన్ పరీక్ష ఫలితాలొస్తే సొంత జడ్జీలందరూ తప్పారు. విదేశీ జడ్జీలతో కోర్టులు నడపాల్సి వచ్చింది.

ప్రశ్న చివర, నిజంగానే కొందరు మిత్రులతో భూమి కొని ఊరు కట్టుకునే ఆలోచన ఉందన్నారు. దానికి ఇదేదీ వర్తించదు. దేశంలో ఏ మూల కట్టుకున్నా దేశ చట్టమే మీ చట్టం. సొసైటీగా రిజిస్టరు చేసుకుని బైలాలు రాసుకోవచ్చు, ఆస్తి లావాదేవీల తగాదాలకు 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద మధ్యవర్తిని పెట్టుకోవచ్చు. నేరాలకు సొంత పంచాయితీ పెట్టి జరిమానా వేయడం, వెలివేయడం లాంటివి చేస్తే కేసు మీ మీదే అవుతుంది.

పోటీకి వెళ్లేముందు ముసాయిదాలో ఇంకొక్కటి చేర్చండి, ప్రచురణ. పసిఫిక్ సముద్రంలోని బ్రిటిష్ దీవి పిట్‌కైర్న్ నేరాల కేసుల్లో, ఇంగ్లిష్ నేరచట్టం తమకు వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదని, దాని ప్రతి కూడా దీవిలో లేదని ముద్దాయిలు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వాదించారు. 2006లో ఓడిపోయారు గాని, మీ ప్రత్యర్థి జట్టు ఆ వాదన తప్పకుండా తెస్తుంది. అరువు తెచ్చిన చట్టాల పూర్తి ప్రతులు కోర్టులో, బడిలో, రేవు దగ్గర పెడతామని, జనం భాషలో ముఖ్యమైన వాటి అనువాదం ఇన్ని రోజుల్లో ఇస్తామని, రెండిటికీ తేడా వస్తే ఫలానా పాఠమే చెల్లుతుందని రాయండి. ప్రతులు పెట్టేదాకా ఆ చట్టం కింద ఎవరినీ శిక్షించరాదని కూడా.